పప్పుకి పనికిరాని నీళ్లు గీజరుకి పనికొస్తాయా?

రాజోలు వైపు ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు. సంగతి క్లుప్తంగా ఇదీ.

పెళ్లయి ఆరేళ్లు. భర్త కువైట్‌లో. ఇంట్లో అత్తగారు, మావగారు, ఈమె, ఇద్దరు పిల్లలు. మూడేళ్ల కిందట పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టుకున్నారు. మావగారు దగ్గరుండి బోరు వేయించారు. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లు వాషింగ్ మిషను పెట్టారు, భర్త గీజరు కొన్నారు, ఆ తర్వాత మంచినీళ్ల ఫిల్టరు వచ్చింది. ఏడాది తిరక్కుండా గీజరు కాయిలు కాలిపోయింది. మార్పిస్తే పది నెలలకి మళ్లీ అదే కథ. ఫిల్టరులో నీళ్లని వడకట్టే పొర, అదే మెంబ్రేను, ఎనిమిది నెలలకే పోయింది. సంక్రాంతి ముందు నుంచి మిషనులోకి నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. ఉతికిన బట్టలు ఆరితే గంజి పెట్టినట్టు బిగుసుకుంటున్నాయి, పిల్లల తెల్ల చొక్కాలు బూడిద రంగుకు తిరిగాయి.

అత్తగారు "వస్తువు వాడటం చేతకాదు" అంటున్నారు. పాలకొల్లులో ఆడపడుచు ఇంట్లో అదే కంపెనీ మిషను ఎనిమిదేళ్లుగా నిక్షేపంలా తిరుగుతోందట. ఇంకోరోజు "మీవాళ్లు చవకరకం అంటగట్టారు" అంటున్నారట. మావగారేమో బోరు ఇంకో వంద అడుగులు దింపితే తియ్యటి నీళ్లు పడతాయంటున్నారు. భర్త ఫోన్లో ఏదో వీడియో చూసి, ఇల్లు మొత్తానికి నీళ్లలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ పెట్టించమని అడ్వాన్సు డబ్బు కూడా పంపేశారు. కంపెనీ మనిషి 65 వేలు చెప్పాడు. అతను రెండు ఇనప కడ్డీలున్న పరికరం గ్లాసులో ముంచితే నీళ్లు తుప్పు రంగుకు మారాయని, అది చూసి అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని రాశారు. చివర్లో ఇలా ఉంది: "ఎవరి మాట విన్నా మిగతా ఇద్దరికీ కోపమే. డబ్బు తగలేస్తే మళ్లీ నా నెత్తినే. ఏం చెయ్యను?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడో పేజీలో మీరు మాటవరసకి రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది. "అత్తయ్యగారు కందిపప్పుకి మాత్రం బోరు నీళ్లు పొయ్యనివ్వరు, కుళాయి నీళ్లే పొయ్యాలంటారు" అని. మీ ప్రశ్నకి సమాధానంలో సగం ఆ వాక్యంలోనే ఉంది. నేలలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైన నీటిలో పప్పు గట్టిపడి ఓ పట్టాన మెత్తబడదు. ఏ బావి నీళ్లకి పప్పు ఉడుకుతుందో, దేనికి ఉడకదో మన డెల్టాలో పెద్దవాళ్లందరికీ తెలుసు. మీ అత్తగారికి ఈ విద్య మీకంటే, నాకంటే బాగా తెలుసు. పప్పుని ఉడకనివ్వని ఆ నీళ్లే గీజరునీ పాడుచేస్తాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే.

పాలకొల్లు పోలికా అంతే. అదే కంపెనీ మిషను అక్కడ ఎనిమిదేళ్లు నడిచి మీ దగ్గర మూడేళ్లకే మూలుగుతోందంటే, తేడా మిషనులో లేదు. (కంపెనీ ఒకటే అయినప్పుడు మీవాళ్లది మాత్రం చవకరకం ఎలా అయిందో నాకు బోధపడలేదు.) వాడే చెయ్యి వేరు అని ఆవిడ అంటారు. నేను నీళ్లు వేరు అంటాను. ఆడపడుచుగారింట్లో మిషనుకి ఏ నీళ్లు పెట్టారో ఒక్క ఫోను చేసి కనుక్కోండి. కాలువ నీళ్లని తేలితే మీరు వేరే వాదన పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీ ఇంట్లో జరిగిన మూడు నష్టాలనీ విడదీసి చూద్దాం. మీరు, మీవారు, ఆ కంపెనీ మనిషీ మూడింటినీ ఒకే మూట కట్టి "హార్డ్ వాటర్" అని పేరు పెట్టారు. అవి మూడు వేరువేరు జబ్బులు.

గీజరుది అసలైన కఠిన జలం జబ్బు, అంటే ఇందాక చెప్పిన కాల్షియం, మెగ్నీషియం (వాడుకలో సున్నం అందాం) ఎక్కువైన నీళ్ల జబ్బు. నేలలో దిగే వాననీరు బొగ్గుపులుసు గాలిని కలుపుకుని, దారిలో సున్నాన్ని కరిగించుకుంటుంది. ఆ నీళ్లని కాచగానే గాలి ఎగిరిపోతుంది, కరిగిన సున్నం తిరిగి రాయిలా పేరుకుంటుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ముందు పేరుకుంటుంది, అంటే కాయిలు మీద. ఆ పెంకు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. కాయిలు తన వేడిలో తనే ఉడికి తెగిపోతుంది. ఎలక్ట్రీషియను గీజరు విప్పినప్పుడు కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లటి ముక్కలు రెండు దోసిళ్లు కింద పడ్డాయని, ఒకటి దాచానని రాశారు. దాని మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే అది సున్నమే.

మిషనులోకి నీళ్లు సన్నగా రావడం మాత్రం బహుశా ఇసక పని. వెనక పైపు మిషనుకి తగిలేచోట చిన్న జాలీ ఉంటుంది. కుళాయి కట్టేసి, ప్లగ్గు పీకేసి, పైపు మరలు తిప్పి, ఆ జాలీని కటింగ్ ప్లేయరుతో మెల్లిగా లాగి, పాత పళ్ల బ్రష్షుతో తోమండి. మన నేలంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రూ ఇసకే కదా, బోరు నీళ్లతో సన్న ఇసక వస్తూనే ఉంటుంది. పది నిమిషాల పని. ఇదొక్కటీ చేసి మిషను మామూలుగా నిండితే, "మిషను పోయింది" అన్న మాట ఇంట్లో సగం తగ్గుతుంది. బట్టలు బిగుసుకోవడం వేరు, అది సున్నం పని. సబ్బు నురగ కట్టకుండా సున్నంతో కలిసి తెట్టులా మారి నూలుపోగుల్లో ఇరుక్కుంటుంది. ఇంకాస్త పౌడరు వేసినా, చివర జాడించేది మళ్లీ ఆ నీళ్లతోనే కాబట్టి ఫలితం అంతంతే.

ఫిల్టరులో మెంబ్రేను పోవడానికి సున్నంతోపాటు ఉప్పు కూడా కారణం అయ్యుంటుంది. సముద్రానికి దగ్గర ఊరు, లోతు బోరు. మీరే రాశారు, నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతుందని. కాఠిన్యం వేరు, ఉప్పదనం వేరు. టీడీఎస్ పెన్ను నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో అంచనాగా చెబుతుంది, అందులో సున్నం వాటా ఎంతో చెప్పలేదు. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది. ఉప్పదనం ఉన్నచోటే ఉంటుంది, టీడీఎస్ తగ్గదు. 65 వేలు పోసి సాఫ్ట్‌నర్ పెట్టించాక నోట్లో పోసుకుని "ఇంకా ఉప్పగానే ఉందేంటి?" అని మీ మావగారు అడిగితే మీరేం చెబుతారు? ఇంతా చేసి అత్తగారికి బీపీ అని కూడా రాశారు. లీటరుకి 600 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసేస్తే దాదాపు 275 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా నీళ్లలోకి చేరుతుంది. ఆ నీళ్లు ఆవిడ తాగడానికి, వంటకి వాడకపోవడమే మేలు.

ఆ కడ్డీల గారడీ గురించి కూడా చెప్పేస్తాను, అత్తగారికి చదివి వినిపించండి. ఆ పరికరం కడ్డీల్లోంచి నీళ్లలోకి కరెంటు పంపుతుంది. ఉప్పు ఉన్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది. పారినప్పుడు ఇనప కడ్డీ కరుగుతుంది. గ్లాసులో కనిపించిన తుప్పు ఆ కడ్డీది, మీ బోరుది కాదు. శుభ్రమైన నీళ్లలో చిటికెడు వంటింటి ఉప్పు వేసి ముంచినా అదే రంగు వస్తుంది. ఆవిణ్ని అన్నం తినమనండి.

ఏం చేసేముందైనా నీళ్లు పరీక్ష చేయించండి. దీనికి రాజమండ్రో కాకినాడో పోనక్కర్లేదు. రొయ్యల చెరువులున్న మన ప్రాంతంలో చాలాచోట్ల ఆక్వా ల్యాబులు ఉంటాయి. రైతులు సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకొచ్చి కాఠిన్యం, ఉప్పదనం, క్షారత చూపించుకుంటూ ఉంటారు. మీరూ రెండు సీసాలు పట్టుకెళ్లండి, ఒకటి బోరుది, ఒకటి పంచాయతీ కుళాయిది. కళ్లముందే చేస్తారు. గాజు పాత్రలో నీళ్లు ఎర్రటి ద్రాక్షరసం రంగులో ఉంటాయి. పైనుంచి చుక్కచుక్కగా మందు వదులుతుంటే ఒక చుక్క దగ్గర టక్కున నీలంగా మారతాయి. ఎన్ని చుక్కలు పట్టిందో దాన్నిబట్టి లెక్క కడతారు. కాగితం మీద అంకె రాయించుకోండి. 2012 నాటి భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే గతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ప్రభుత్వ గ్రామీణ నీటి సరఫరా విభాగానికీ ల్యాబులున్నాయి. తాగే నీళ్లకి క్రిముల పరీక్ష కావాలంటే అక్కడికి వెళ్లండి.

ఇక దారులు. మొదట మావగారి దారి. చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది కానీ, మన కోనసీమలో లోతుకి వెళ్లేకొద్దీ తియ్యటి నీళ్లు పడతాయన్న ఆశ చాలాచోట్ల నెరవేరదు. రాయలసీమలోనో తెలంగాణలోనో రాతిలో బోరు దింపే లెక్క ఇక్కడ పనికిరాదు. మన కింద ఉన్నది ఒకప్పుడు సముద్రం తడిపిన మట్టి, ఇసక. వానకి, కాలువకి దిగిన తియ్యటి నీళ్లు తేలిక కాబట్టి పైన తేలి ఉంటాయి, ఉప్పునీళ్లు బరువు కాబట్టి అడుగున ఉంటాయి. అందుకే ఇసక మెరకల మీద ముప్ఫై, నలభై అడుగుల ఫిల్టరు పాయింటు (తక్కువ లోతులో జాలీ పైపు దింపిన బోరు) తియ్యగా ఉండి, పక్కనే రెండొందల అడుగుల బోరు ఉప్పగా ఉండటం మనం చూస్తుంటాం. ఇంకో వంద అడుగులు దింపితే డబ్బు పోవడమే కాక, ఇప్పుడున్న నీళ్లు కూడా చెడొచ్చు. మీ పెరట్లోనో దగ్గర్లోనో మెరక ఉండి, చుట్టుపక్కల పాత నుయ్యి తియ్యగా ఉంటే, అక్కడ తక్కువ లోతులో ఫిల్టరు పాయింటు ఆలోచించవచ్చు. దాన్ని కూడా గంటలకొద్దీ తోడితే అడుగు ఉప్పు పైకి లేస్తుంది. కొంచెం కొంచెంగా తోడుకోవాలి.

మీవారి దారి పూర్తిగా తప్పనను. సాఫ్ట్‌నర్ పనిచేస్తుంది. ఖర్చు కొన్నరోజుతో ఆగదు, అదే చిక్కు. ఒక లెక్క చూడండి. మీ బోరు కాఠిన్యం 600 ఉందనుకుందాం, ఇంటికి రోజుకి 500 లీటర్లు వాడతారనుకుందాం. రోజుకి 300 గ్రాములు, నెలకి 9 కిలోల సున్నం తియ్యాలి. దానికి సాఫ్ట్‌నర్ నాలుగైదు రోజులకోసారి ఉప్పునీళ్లతో తనని తాను కడుక్కుంటుంది. నెలకి పాతిక, ముప్ఫై కిలోల ఉప్పు బస్తా ఎవరో మోసుకొచ్చి అందులో పోస్తూ ఉండాలి. మీవారు కువైట్‌లో, మావగారికి మోకాళ్ల నొప్పి. ఆ ఎవరో ఎవరో మీకు తెలుసు. కడిగిన ఉప్పునీళ్లు పెరట్లోకి పోతాయి. కొబ్బరిచెట్టు ఓర్చుకుంటుంది, అరటిచెట్టు ఓర్చుకోదు. దొడ్డికి, మొక్కలకి, గచ్చు కడగడానికి వాడే నీళ్లని కూడా ఇంత ఖర్చుతో మెత్తబరచడం నాకు సబబుగా తోచదు. పెట్టించి తీరాలంటే గీజరుకీ మిషనుకీ వెళ్లే లైనుకే చిన్నది చాలు. అప్పుడైనా ముందు ల్యాబు కాగితం చూపించి, మీ ఉప్పదనానికి ఎంత పనిచేస్తుందో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు. ఎదురింటాయన చెప్పిన పైపుకి కట్టే అయస్కాంతం మాట ఒక్క ముక్కలో చెప్తాను: కట్టకముందు నీళ్లలో ఎంత సున్నం ఉందో కట్టాకా అంతే ఉంటుంది.

నేనైతే ఏం చేస్తానని అడిగితే, అత్తగారి పప్పు పద్ధతే చేస్తాను. మీ ఊరి కుళాయిలో వచ్చేవి ధవళేశ్వరం దగ్గర కాలువకి మళ్లి, పి. గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడెక్టు (కాలువని నది మీదుగా దాటించే వంతెన) మీదుగా వైనతేయ పాయ దాటి వచ్చిన గోదావరి నీళ్లు. మామూలుగా మన బోర్ల కంటే ఎంతో మెత్తన. పొద్దున గంటసేపు వస్తాయని రాశారు. ఆ గంటలో కింద ఒక తొట్టె నింపుకుని, చిన్న మోటారుతో మేడ మీద ఐదొందల లీటర్ల వేరే ట్యాంకుకి ఎక్కించి, అక్కణ్నుంచి గీజరుకి, మిషనుకి, వంటింటి కుళాయికి మాత్రం పైపు వేయించండి. మిగతా ఇంటికి బోరు అలాగే ఉంటుంది. గోడలు ఎంత పగలగొట్టాలన్నదాన్నిబట్టి ప్లంబరు కూలి మారుతుంది, అయినా కంపెనీ మనిషి చెప్పిన 65 వేల దరిదాపుల్లోకి రాకూడదు. ఒక్కటి జాగ్రత్త, మోటారు నేరుగా పంచాయతీ పైపుకి తగిలించవద్దు. అది వీధిచివరి వాళ్ల నీళ్లు లాక్కోవడం. పైగా పైపు చిల్లుల్లోంచి మురుగూ లాగుతుంది.

ఇందులోనూ చిక్కులున్నాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే కుళాయికి మంచినీటి చెరువే ఆధారం. అప్పుడు ఆ గంట అరగంటవుతుంది, ఒక్కోరోజు అసలు రావు. ఆ రెండు నెలలూ గీజరు అవసరం ఎలాగూ ఉండదు. మిషనుకి మాత్రం కొన్నాళ్లు బోరు నీళ్లు తప్పకపోవచ్చు. కొత్త నీరు వచ్చేటప్పుడు బురదగా ఉంటుంది. మీ అత్తగారు చిల్లగింజ అరగదీసో పటిక తిప్పో తేర్చమంటారు. తేరుకుంటుంది, నిజమే, కానీ అది బురదని దించుతుందే తప్ప సున్నాన్ని తియ్యదు. ఈ రెండింటినీ కలిపి చూడకండి. తాగడానికి ఈ నీళ్లని కాచి చల్లార్చినా, మీ ఫిల్టరుకి బోరు బదులు ఇవే పెట్టినా సరే. మెంబ్రేను ఎక్కువ కాలం మన్నుతుంది. ఇంకొకటి: మీ స్లాబు వెయ్యి చదరపు అడుగులుంటే ఒక్క సెంటీమీటరు వానకి 900 లీటర్లకి పైగా నీళ్లు జారతాయి. వాననీటిలో సున్నం దాదాపు ఉండదు. మొదటి వాన వదిలేసి తర్వాతిది గుడ్డ కట్టి ట్యాంకులోకి పట్టుకుంటే, జులై నుంచి అక్టోబరు దాకా మీ మిషను మహారాణిలా తిరుగుతుంది.

ఇవేవీ ఇప్పట్లో కుదరకపోతే, ఉన్న నీళ్లతోనే ఉన్నవాటిని కాపాడుకోవడం నాలుగో దారి. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ. గీజరు వేడి 50, 55 డిగ్రీల దగ్గర పెట్టండి, పెంచేకొద్దీ సున్నం త్వరగా కడుతుంది. ఆరు నెలలకోసారి ఎలక్ట్రీషియనుతో విప్పించి కాయిలు గీకించండి, లోపల తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ ఎంత అరిగిపోయిందో చూడమనండి. పైనుండే ప్రెషర్ వాల్వు కూడా చూపించడం మర్చిపోకండి. అది సున్నంతో బిగుసుకుపోతే డబ్బు నష్టం మాట తర్వాత, ప్రాణాల మీదికి వస్తుంది. వాషింగ్ మిషనుకి రెండు నెలలకోసారి కంపెనీ పుస్తకం చూసి, అది ఒప్పుకుంటే, బట్టలు లేకుండా వంద గ్రాముల నిమ్మ ఉప్పు వేసి వేడినీళ్లతో ఒక తిప్పు తిప్పండి. కొట్లో మామూలుగా దొరికే నిమ్మ ఉప్పే. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు. మా ఇంట్లో ఒకసారి నేనే ఆ తెలివి చూపించాను, సున్నంతోపాటు డ్రమ్ము మెరుపు కూడా పోయింది. ఆ మచ్చలు ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తుంటాయి. నిమ్మ ఉప్పు వేసిన రోజున బ్లీచింగ్ పౌడరు దగ్గరికి కూడా రానివ్వకండి, రెండూ కలిస్తే ఊపిరాడని గాలి పుడుతుంది.

ఇక ఇంట్లో మాట. మీరు మీ మావగారి బోరుని తప్పుపట్టినట్టు ధ్వనిస్తే ఈ దారుల్లో ఏదీ ముందుకు సాగదు. ఆయన బోరు వేయించింది కాలువ కట్టేసినప్పుడు కోడలు బిందెలు పట్టుకుని వీధిలో నిలబడకూడదని. ఆ పని అది చేస్తూనే ఉంది. అందుకని ల్యాబుకి మీరు ఒక్కరూ వెళ్లి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టకండి. "మావయ్యగారూ, మీరు దింపుదామంటున్నారు కదా, ముందు ఇప్పుడున్న నీళ్లు ఎలా ఉన్నాయో చూపించుకుందామా?" అని ఆయన్నే వెంటబెట్టుకెళ్లండి. ల్యాబు కుర్రాడితో రొయ్యల రైతు భాషలో ఆయనే మాట్లాడతారు. రంగు ఆయనే చూస్తారు. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పేదీ ఆయనే అవుతారు. ఆ మాట మీ నోట వచ్చినదానికంటే ఎక్కువ దూరం పోతుంది. అన్యాయమే, కానీ వాడుకోండి.

మీవారికి ఆ రెండు అంకెలూ ఫొటో తీసి పంపండి. పరాయిదేశంలో ఎండలో నిలబడి సంపాదించి, ఇంటికి ఏదో చెయ్యాలన్న ఆత్రంలో డబ్బు పంపారు. "వద్దు" అనకుండా "ఆ డబ్బుతో ముందు ట్యాంకూ పైపులూ వేయిస్తాను, ఆరు నెలలు చూశాక కూడా కావాలంటే చిన్న సాఫ్ట్‌నర్ చూద్దాం" అనండి. అడ్వాన్సు ఇంకా కంపెనీ మనిషి చేతిలో పెట్టలేదనే అర్థమైంది నాకు. పెట్టకండి.

"చేతకాదు" అన్న మాటకి మీరు జవాబు చెప్పుకోవాలని లేదు. ఈ ఆదివారం పప్పు ఉడికేటప్పుడు అత్తగారి పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, ఈ నీళ్లకి పప్పు ఎందుకు ఉడకదంటారు?" అని అడిగి చూడండి. ఆవిడ చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత దాచిన ఆ తెల్ల పెంకు ఆవిడ చేతిలోనే పెట్టి, నిమ్మచెక్క కూడా ఆవిడకే ఇవ్వండి.

ల్యాబుకి వెళ్లేముందు బోరు మోటారు పది నిమిషాలు వదిలి, సీసాని అవే నీళ్లతో రెండుసార్లు తొలిచి, మూతి దాకా నింపి బిగించండి. పైన "బోరు", "కుళాయి" అని చీటీ అంటించండి. తారుమారైతే మీ మావగారి బోరే నెగ్గిపోతుంది.